ఒకే గడ్డకు రెండు పేర్లు: లైపోమా అన్నారు, కాదన్నారు, ఇప్పుడేం చేయాలి?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. నాన్నగారికి 61 ఏళ్లు, తెనాలి పక్క పల్లెలో వ్యవసాయం. కుడి తొడలో గడ్డ ఆరేడేళ్లుగా ఉంది, నొప్పి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పంచె కట్టుకుంటే బయటికి తెలిసేంత పెరిగాక విజయవాడలో ఆపరేషన్ చేసి తీశారు. 14 సెంటీమీటర్లు, కండరం లోపల. మొదటి రిపోర్టులో లైపోమా, అంటే మామూలు కొవ్వు గడ్డ, అని వచ్చింది. మీ బావగారు గుంటూరులో ఇంకోచోట స్లైడ్లు చూపిస్తే అటిపికల్ లైపోమటస్ ట్యూమర్, అంటే మామూలుగా లేని కొవ్వు గడ్డ, అని రాశారు, ఎండీఎం2 అనే జీన్ టెస్ట్ చేయించమన్నారు. ఇది క్యాన్సరా కాదా, ఒకే ముక్కకి రెండు పేర్లెలా వస్తాయి, ఎవరిని నమ్మాలి, అని మీ ప్రశ్న.

నేను పాథాలజీ డాక్టర్ని, గుంటూరులో 22 ఏళ్లుగా రోజూ స్లైడ్లు చూస్తున్నాను. ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెప్తాను. రెండో రిపోర్టే నిజమైనా సరే, తొడలో వచ్చే ఆ గడ్డ ఆ రూపంలో ఉన్నంతకాలం ఊపిరితిత్తులకో కాలేయానికో పాకదు. ఉన్నచోటే మళ్లీ రావచ్చు, అది కూడా ఏళ్లు పట్టొచ్చు. కాబట్టి ఈ రాత్రికి నిద్రపోండి. కానీ ఆ టెస్ట్ మాత్రం చేయించండి. ఎందుకో చెప్పాలంటే కొవ్వు గడ్డలకు మేం పేర్లు ఎలా పెడతామో మొదటినుంచీ చెప్పాలి, కాస్త పొడుగవుతుంది.

కొవ్వు గడ్డ మా దగ్గరికి వచ్చేటప్పుడు ఎలా ఉంటుందంటే, డబ్బాలో, ముక్క కుళ్లకుండా పోసే ఫార్మలిన్ మీద తేలుతుంటుంది. చాలా ముక్కలు మునుగుతాయి, కొవ్వు తేలుతుంది. కోయడానికి బల్ల మీద పెడితే కత్తికి వెన్నలాగా అంటుకుంటుంది, గ్లవ్స్ జారిపోతాయి, మంచి పసుపు రంగు. ఆ ముక్కల్ని స్లైడుగా మార్చేదాకా ఆల్కహాల్లో, జైలీన్‌లో నానబెడతాం, ఆ తర్వాత మైనంలో. ఆ క్రమంలో కణాల్లో ఉన్న కొవ్వంతా కరిగి పోతుంది. అంటే మైక్రోస్కోప్ కింద కొవ్వు గడ్డను చూసేటప్పుడు మాకు కనిపించేది కొవ్వు కాదు, కొవ్వు ఉన్న చోటు. తెల్లటి ఖాళీ గుండ్రాలు, వాటి చుట్టూ దారమంత సన్న గీత, ఆ గీతకు ఓ పక్కన నలిగి అతుక్కున్న చిన్న న్యూక్లియస్ (కణ కేంద్రకం). మామూలు పొట్ట కొవ్వు అలాగే ఉంటుంది, లైపోమా అలాగే ఉంటుంది, మీ నాన్నగారి గడ్డలో తొంభై పాళ్లు కూడా అలాగే ఉండొచ్చు.

అందుకే ఈ గడ్డల్లో స్లైడ్ ఒక్కటే చూసి పేరు పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. వయసెంత, ఒంట్లో ఎక్కడ, చర్మం కిందా కండరం లోపలా, ఎంత సైజు, ఎంతకాలంగా, నొప్పి ఉందా. ఈ ఆరు సంగతులూ సగం రోగనిర్ధారణ. మిగతా సగం స్లైడ్. మాకు వచ్చే ఫారాల్లో ఎక్కువ వాటి మీద ఒకే ముక్క ఉంటుంది: "స్వెల్లింగ్". ఎక్కడి స్వెల్లింగ్, ఎన్నాళ్ల స్వెల్లింగ్, ఏమీ ఉండదు. మీ మొదటి రిపోర్ట్ ఇచ్చినవాళ్లకి తొడ, లోతు, 14 సెంటీమీటర్లు అన్న మాటలు అందాయో లేదో నాకు తెలీదు, అందకపోతే లైపోమా అని రాయడంలో ఆశ్చర్యం లేదు.

మామూలు లైపోమా సంగతి చూడండి. పెద్దవాళ్లలో మెత్తటి కణజాలంలో వచ్చే గడ్డల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య, వీపు, భుజం, చేతి పైభాగం, మెడ. చర్మం కిందే ఉంటుంది, వేలితో అంచు మీద నొక్కితే వేలి కిందనుంచి జారిపోతుంది, చింతపిక్క జారినట్టు. మామూలుగా 5 సెంటీమీటర్లకి లోపే. ఒక సైజుకు వచ్చి ఆగిపోతుంది. కొందరికి ఇంట్లో తండ్రికీ కొడుక్కీ ఒళ్లంతా పది ఇరవై గడ్డలుంటాయి, అదీ ప్రమాదం కాదు. స్లైడు మీద కణాలన్నీ ఇంచుమించు ఒకే సైజు, న్యూక్లియస్‌లు చిన్నవి. క్రోమోజోముల్లో చూస్తే చాలావాటిలో 12వ దాని మీద హెచ్‌ఎంజీఏ2 అనే జీన్ చోటు మారి ఉంటుంది. ఇవి క్యాన్సర్‌గా మారతాయేమో అని చాలామంది భయపడతారు. మామూలు లైపోమా క్యాన్సర్‌గా మారడం అన్నది మేం లెక్కలోకి తీసుకునే విషయమే కాదు. "మొదట లైపోమా, తర్వాత క్యాన్సర్ అయింది" అని చెప్పే కేసుల్లో ఎక్కువ భాగం మొదటినుంచీ లైపోమా కానివే.

నొప్పి పెట్టే కొవ్వు గడ్డలుంటాయి. ఇరవై ఏళ్ల కుర్రాడు, ముంజేతి మీద శనగగింజంత, గోలీకాయంత గడ్డలు ఐదారు, నొక్కితే చురుక్కుమంటాయి. ఈ మాటలు చెప్తే స్లైడు చూడకముందే ఆంజియోలైపోమా అనొచ్చు. మైక్రోస్కోప్ కింద కొవ్వు మధ్యలో సన్న రక్తనాళాలు గుంపులుగా, ముఖ్యంగా అంచు దగ్గర, కొన్నిట్లో గులాబీ రంగు ఫైబ్రిన్ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్) గడ్డకట్టి కనిపిస్తుంది. ఆ ఫైబ్రిన్ చూస్తే చాలు, వేరే టెస్టులు అక్కర్లేదు.

ఇక మెడ వెనక. ఇది గుంటూరులో పనిచేసే ఎవరికైనా దగ్గరి విషయం. మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లు టిక్కీలు మోసిన మనిషి, 60 దాటాయి, మెడ వెనకాల, భుజాల మధ్యన గడ్డ. అడిగితే "మూటలు మోసి మోసి వచ్చిందండీ" అంటాడు. ఇంట్లో వాళ్లూ అదే అంటారు, ఆపరేషన్ చేసినాయన కూడా అదే రాస్తారు. అలాంటి ఒక గడ్డ నా దగ్గరికి వచ్చినప్పుడు కోస్తే మామూలు లైపోమాలా పూర్తి పసుపుగా లేదు, మధ్య మధ్యలో బూడిద తెలుపు, కాస్త జిగురు. స్లైడులో కొవ్వు కణాల పక్కన సన్నటి కదురు ఆకారపు కణాలు వరసలు కట్టి ఉన్నాయి, వాటి మధ్య గులాబీ రంగు కొలాజెన్ లావుపాటి పోగులు, కొబ్బరి పీచుతో పేనిన తాడు ముక్కల్లాగా. అక్కడక్కడా పెద్ద కణాలు, వాటిలో న్యూక్లియస్‌లు అంచు చుట్టూ పువ్వు రేకుల్లా. కొత్తగా చదువుకుంటున్న పీజీ అమ్మాయి పక్కనే ఉంది, ఆ పెద్ద కణాలు చూడగానే "సార్కోమా కదా మేడమ్" అంది, అంటే మెత్తటి కణజాలంలో వచ్చే క్యాన్సర్. కాదు. ముసలి మగవాళ్లలో మెడ వెనక, భుజం, వీపు పైభాగంలో వచ్చే ఈ గడ్డ పేరు స్పిండిల్ సెల్ లైపోమా, రేకుల కణాలు ఎక్కువుంటే ప్లియోమార్ఫిక్ లైపోమా. రెండూ ఒకే గడ్డకి రెండు చివరలు. సీడీ34 అనే ప్రోటీన్‌కి వేసే రంగు (స్టెయిన్) బాగా పడుతుంది, 13వ క్రోమోజోము మీద ఆర్‌బీ1 అనే జీన్ పోయి ఉంటుంది కాబట్టి ఆర్‌బీ1 స్టెయిన్ ఖాళీగా వస్తుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ తీసేస్తే పోతుంది, మళ్లీ రావడం అరుదు. ఇదే స్లైడు తొడ లోతునుంచి వచ్చిందని రాసి ఉంటే నేను అంత ధైర్యంగా సంతకం పెట్టను. చోటు అంత ముఖ్యం.

పిల్లల సంగతి వేరు. మూడేళ్లలోపు పిల్లకి త్వరత్వరగా పెరిగే కొవ్వు గడ్డ అంటే లైపోబ్లాస్టోమా గురించి ఆలోచించాలి. అందులో ఎదగని కొవ్వు కణాలు, జిగురు, రక్తనాళాలు తొనలు తొనలుగా కనిపిస్తాయి, పనసతొనల్లా విడివిడిగా. జిగురు చూసి పెద్దవాళ్లకొచ్చే మిక్సాయిడ్ లైపోసార్కోమా అనే కొవ్వు క్యాన్సర్ అనుకుంటే ఘోరమైన తప్పు అవుతుంది, ఎందుకంటే పసిపిల్లల్లో లైపోసార్కోమా దాదాపు ఉండదు. పీఎల్ఏజీ1 జీన్ మార్పు దీనికి గుర్తు. పూర్తిగా తీయకపోతే తిరిగి వస్తుంది, అంతే, పాకదు. ఇక్కడే ఇంకో మాట, ఎవరైనా తల్లులు చదువుతుంటే: బిడ్డకి నడుము కింద వెన్నెముక మీద సరిగ్గా మధ్యలో మెత్తటి గడ్డ ఉంటే అది పైకి కొవ్వు గడ్డలా ఉన్నా లోపల వెన్నుపాముతో అతుక్కుని ఉండొచ్చు. ఎమ్మారై తీయకుండా కత్తి పెట్టనివ్వొద్దు.

హైబర్నోమా అని ఒకటుంది. పుట్టిన పిల్లల్లో వేడి కోసం ఉండే గోధుమరంగు కొవ్వు పెద్దయ్యాక చాలావరకు పోతుంది, దాని పోలికతో వచ్చే గడ్డ ఇది. తొడలోనో భుజాల మధ్యనో, 20, 30 ఏళ్ల వాళ్లలో ఎక్కువ. కోస్తే పసుపు కాదు, బెల్లం రంగు. కణాల నిండా చిన్న చిన్న బుడగలు, మధ్యలో న్యూక్లియస్. స్కాన్లో రక్తప్రసరణ ఎక్కువ కనిపించి అందరినీ హడలగొడుతుంది గానీ మంచి గడ్డే.

ఇప్పుడు మీ నాన్నగారి గడ్డ దగ్గరికొద్దాం. తొడ లోతు, 14 సెంటీమీటర్లు, 61 ఏళ్లు. ఈ మూడూ కలిస్తే నేను స్లైడు చూడకముందే పెన్ను కింద పెడతాను. అటిపికల్ లైపోమటస్ ట్యూమర్, దీన్నే వెల్ డిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా అని కూడా అంటారు, సరిగ్గా ఇక్కడే, ఈ వయసులోనే వస్తుంది. రెండు పేర్లెందుకంటే గడ్డ ఒక్కటే, చోటును బట్టి పేరు. కాలులో, చేతిలో వస్తే పూర్తిగా తీసేయగలం, మనిషికి ప్రాణాపాయం లేదు కాబట్టి లైపోసార్కోమా అనే భయంకరమైన మాట వాడకుండా మొదటి పేరు వాడతాం. పొట్ట వెనకాల కిడ్నీల దగ్గర వస్తే పూర్తిగా తీయడం కుదరదు, మళ్లీ మళ్లీ వచ్చి చివరికి ప్రాణం మీదికి తెస్తుంది, కాబట్టి అక్కడ లైపోసార్కోమా అనే రాస్తాం. మీ రెండో రిపోర్టు రాసినవారు పేరు జాగ్రత్తగా ఎంచుకున్నారు, వాళ్ల మీద నాకు నమ్మకం కలిగింది.

దీన్ని స్లైడు మీద ఎలా పట్టుకుంటామో చెప్తాను. చూపు ఖాళీ గుండ్రాల మీద పెట్టకూడదు. కొవ్వు మధ్యలో నడిచే పీచు గోడలుంటాయి, వాటి మీద నడవాలి, పొలం గట్టు మీద నడిచినట్టు. చిన్న లెన్సుతో గట్టు వెంటే పోతుంటే ఎక్కడో ఒక చోట చుట్టుపక్కలవాటికన్నా పెద్దగా, సిరా చుక్కలా నల్లగా ఉన్న న్యూక్లియస్ కనిపిస్తుంది. దాని అంచు మొరటుగా ఉంటుంది. అలాంటివి నాలుగైదు దొరికాయంటే, దానికి తోడు కొవ్వు కణాలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది అని సైజులు తేడాగా ఉంటే, అది లైపోమా కాదు. ఒక స్లైడు మొత్తంలో ఒక్కటీ ఉండకపోవచ్చు, పక్క స్లైడులో పది ఉండొచ్చు. అందుకే గడ్డ ప్రతి సెంటీమీటరుకి కనీసం ఒక ముక్క తీసుకోమంటాం. 14 సెంటీమీటర్ల గడ్డకి 14 ముక్కలు. రెండు మూడు ముక్కలు తీసుకుని లైపోమా అని రాస్తే అది అబద్ధం కాదు, ఆ రెండు మూడు ముక్కల వరకే నిజం.

చాలామంది డాక్టర్లలో కూడా ఒక అపోహ ఉంది, లైపోబ్లాస్ట్ కనిపిస్తేనే లైపోసార్కోమా అని. లైపోబ్లాస్ట్ అంటే లోపలి కొవ్వు బుడగలు న్యూక్లియస్‌ను గుచ్చి, చిలుక జామకాయను కొరికినట్టు అంచుల్లో గంట్లు పెట్టిన కణం. అది లేకపోయినా ఈ గడ్డ ఉండొచ్చు. అది ఉన్నా పసిపిల్లల గడ్డ కావొచ్చు, స్పిండిల్ సెల్ లైపోమా కావొచ్చు. దెబ్బ తగిలి చచ్చిన కొవ్వులో నురగ కణాలు కూడా అలాగే మోసం చేస్తాయి. మామూలు కొవ్వు కణం న్యూక్లియస్‌ని ఎదురుగా కోస్తే మధ్యలో చిల్లు కనిపిస్తుంది, దాన్ని చూసి కూడా భయపడేవాళ్లున్నారు.

ఇదంతా ఇంత వివరంగా చెప్పడానికి నా వెనక ఒక కేసు ఉంది. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక పెద్దాయనకి గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేస్తూ, వృషణానికి పోయే తాడు పక్కన కొవ్వు ముద్ద ఉంటే తీసి పంపారు, నా పిడికిలికన్నా పెద్దది. ఫారం మీద "హెర్నియా, కార్డ్ లైపోమా" అని ఉంది. రోజూ వచ్చేవే కదా అని రెండు ముక్కలు తీసుకుని, లైపోమా అని సంతకం పెట్టాను. నాలుగేళ్ల తర్వాత అదే మనిషి, అదే గజ్జల్లో, ఈసారి రాయిలా గట్టి గడ్డ. పాత బ్లాకులు (ముక్కల్ని మైనంలో పోసి ఉంచిన దిమ్మలు) అల్మారాలోంచి తీయించి ఇంకా లోతుగా కోయించాను. ఒక పీచు గోడలో మూడు నల్లటి న్యూక్లియస్‌లు కనిపించాయి. మొదటిరోజు నేను ఇంకో ఆరు ముక్కలు తీసుకుని ఉంటే ఆయనకి అప్పుడే సరైన ఆపరేషన్ జరిగేది. ఆయన కొడుకు నా ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ మాట దాచకుండా చెప్పాను. ఆ తర్వాత ఇప్పటిదాకా గజ్జల్లోంచి వచ్చిన కొవ్వు ముద్దని చిన్నచూపు చూడలేదు.

ఆ రాయిలాంటి గడ్డనే డీడిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా అంటారు. కొవ్వు పోలికలున్న గడ్డ పక్కనే కొవ్వు పోలికే లేని, గట్టి, వేగంగా విడిపోయే కణాల ముద్ద. 1979లో ఎవాన్స్ అనే పాథాలజిస్టు ఆ పేరు పెట్టారు. ఇది పాకుతుంది. ఎక్కువగా పొట్ట వెనకాలే చూస్తాం, పాంటు బిగుతైందనో, పొట్ట వచ్చిందనో అనుకుంటూ నెలలు గడిచాక స్కాన్ తీస్తే పుచ్చకాయంత గడ్డ ఉంటుంది. చేతులు కాళ్లలో వచ్చే అటిపికల్ గడ్డ ఇలా మారే అవకాశం చాలా తక్కువ, నూటికి రెండుకన్నా తక్కువ అని పుస్తకాలు చెప్తాయి. పొట్ట వెనక అయితే 20 శాతం పైనే. నాన్నగారిది తొడ అని మీరు రాసినప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నది అందుకే.

ఇక ఎండీఎం2. ఈ గడ్డల్లో 12వ క్రోమోజోములో ఒక ముక్క విడిపోయి, రింగులా చుట్టుకుని, దాని మీద ఎండీఎం2, సీడీకే4 అనే జీన్లు పదులకొద్దీ కాపీలు అవుతాయి. మామూలు లైపోమాలో అలా ఉండదు. స్టెయిన్ వేసి చూడొచ్చు, ఖర్చు తక్కువ, కానీ కణాలు తక్కువున్నప్పుడు సరిగ్గా తేలదు, చచ్చిన కొవ్వు చుట్టూ చేరి దాన్ని తినేసే మాక్రోఫేజ్ కణాలు కూడా రంగు పట్టి తికమక పెడతాయి. ఫిష్ అనే టెస్ట్ గట్టిది, మెరిసే చుక్కలు లెక్కపెట్టడమే. మామూలు కణంలో రెండు చుక్కలుంటే ఇందులో న్యూక్లియస్ నిండా ద్రాక్ష గుత్తిలా చుక్కలు. ప్రతి కొవ్వు గడ్డకీ ఈ టెస్ట్ రాయడం మాత్రం నాకు ఇష్టం లేదు, వీపు మీద నిమ్మకాయంత లైపోమాకి వేల రూపాయలు ఎందుకు? 10 సెంటీమీటర్లు దాటింది, లోతైంది, యాభై దాటిన మనిషిది, పొట్ట వెనకది, తీసేశాక మళ్లీ వచ్చింది, వీటికి చేయించాలి. మీ నాన్నగారిది మూడు లెక్కల్లో సరిపోతోంది.

మీరు అడగలేదు గానీ ఇంకో తొడ గడ్డ గురించి చెప్పకపోతే ఈ సమాధానం అసంపూర్ణం, ఎందుకంటే అది చిన్నవయసు వాళ్లది. 30, 40 ఏళ్ల మనిషి, తొడ లోతున లేదా మోకాలి వెనక, నొప్పిలేని గడ్డ, కోస్తే పసుపు కాదు, తాటిముంజెలోని జిగురులా మెరుస్తూ. మిక్సాయిడ్ లైపోసార్కోమా. స్లైడులో జిగురు మధ్య చిన్న గుండ్రటి కణాలు, వాటి వెనకాల సన్న రక్తనాళాలు కొమ్మలు కొమ్మలుగా అల్లుకుని, కోళ్ల గూటికి కట్టే ఇనుప వలలా. ఆ వల ఒక్కసారి చూస్తే జీవితంలో మర్చిపోరు. 12, 16 క్రోమోజోములు ముక్కలు మార్చుకుని ఎఫ్‌యూఎస్, డీడీఐటీ3 జీన్లు అతుక్కోవడం దీనికి మూలం, ఎండీఎం2కి సంబంధం లేదు. గుండ్రటి కణాలు కిక్కిరిసి ఐదు శాతం దాటితే తీవ్రమైన రకం కింద లెక్క. దీని నడక మిగతా సార్కోమాల్లా ఉండదు. చాలాసార్లు ఊపిరితిత్తులకన్నా ముందే వెన్నెముకకో, పొట్ట వెనక కొవ్వుకో, రెండో తొడకో పోతుంది. అందుకే ఛాతీ స్కాన్ బాగుందని ఊరుకోకుండా వెన్నెముక ఎమ్మారై కూడా తీయాలి. మంచి సంగతి ఏమంటే రేడియేషన్‌కి ఇది బాగా లొంగుతుంది. ఒకవేళ పొట్ట వెనకాలే మొదట దొరికితే కాళ్లు రెండూ వెతకాలి, అక్కడినుంచి వచ్చి ఉండొచ్చు.

ప్లియోమార్ఫిక్ లైపోసార్కోమా అని నాలుగోది, వీటిలో అరుదైనది, ముసలివాళ్ల కాళ్లు చేతుల్లో, చకచకా పెరుగుతుంది, స్లైడు నిండా వికారంగా పెద్ద లైపోబ్లాస్టులు, ఊపిరితిత్తులకి పాకుతుంది. ఇందులో కూడా ఎండీఎం2 పెరగదు. అంటే ఎండీఎం2 లేదు కాబట్టి క్యాన్సర్ కాదు అనే మాట తప్పు, స్లైడుతో కలిపి చదవాల్సిన టెస్ట్ అది. 2020లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో కొత్తగా రెండు పేర్లు చేరాయి, అటిపికల్ స్పిండిల్ సెల్ గడ్డ ఒకటి, అది మంచిదే, మళ్లీ రావచ్చు అంతే. రెండోది పిల్లల్లో, కుర్రవాళ్లలో ఛాతీ మధ్యభాగంలో వచ్చే మిక్సాయిడ్ ప్లియోమార్ఫిక్ రకం, చాలా చెడ్డది, చాలా అరుదు.

కొవ్వులా కనిపించి ఈ కుటుంబంలో చేరనివి కూడా ఉన్నాయి. కిడ్నీలో వచ్చే ఆంజియోమయోలైపోమాలో కొవ్వున్నా దాని వంశం వేరు, పొట్ట వెనక కొవ్వు గడ్డ అనగానే అది కిడ్నీలోంచి మొలిచిందా అని చూడాలి. చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు మింగినవాళ్లకి మెడ వెనక పేరుకునేది గడ్డే కాదు. మన దగ్గర కీళ్లనొప్పులకి, ఆయాసానికి ఏ మందో తెలియకుండా ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఎక్కువ, కాబట్టి మెడ వెనక ఉబ్బు అంటే ముందు మందుల చీటీ అడగండి.

సరే, ఇప్పుడు మీరు చేయాల్సింది. మొదటి ల్యాబుకెళ్లి స్లైడులే కాదు, మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. టెస్ట్ బ్లాకులోంచి కొత్తగా కోసిన పొర మీద చేస్తారు, పాత స్లైడు మీద కాదు. ఎన్ని బ్లాకులు చేశారో అడగండి. మిగిలిన గడ్డ డబ్బాలో ఇంకా ఉంటే, మరికొన్ని ముక్కలు తీసి చూడమని మర్యాదగా అడగండి, అది వాళ్లని తప్పుబట్టడం కాదు, ఏ మంచి పాథాలజిస్టూ దానికి నొచ్చుకోడు. చాలాచోట్ల మిగిలిన ముక్కలు కొన్ని వారాలే ఉంచి పారేస్తారు కాబట్టి ఆలస్యం చేయొద్దు. బ్లాకులు ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. ఆ మైనం 56, 58 డిగ్రీలకే కరుగుతుంది, మన మే నెల ఎండలో మూసిన కారు లోపల అంత వేడి సులువుగా వస్తుంది. ఒకాయన విజయవాడ నుంచి వస్తూ దారిలో భోజనానికి ఆగి బ్లాకుల్ని కారులో వదిలి, నా దగ్గరికొచ్చేసరికి నాలుగు బ్లాకులూ సంచికి అతుక్కుపోయి ఉన్నాయి. చేతి సంచిలో దగ్గర పెట్టుకోండి.

ఆపరేషన్‌కి ముందు తీసిన ఎమ్మారై ఉంటే ఆ సీడీ కూడా వెంట తెండి. కొవ్వులో 2 మిల్లీమీటర్లకన్నా మందమైన గోడలున్నాయా, కొవ్వు కాని ముద్దలున్నాయా అన్నది మాకు పనికొస్తుంది. ఎమ్మారై లేకుండానే తీసి ఉంటే బాధపడి లాభం లేదు, ఇకముందు ఇంట్లో ఎవరికైనా నిమ్మకాయ దాటి బత్తాయంత గడ్డ, ముఖ్యంగా కండరం బిగిస్తే కదలకుండా గట్టిపడే గడ్డ వస్తే, ముందు ఎమ్మారై, తర్వాత సూదితో ముక్క పరీక్ష, ఆ తర్వాతే కత్తి. మామూలు సన్న సూది పరీక్షలో నాలుగు కొవ్వు కణాలు వచ్చి "లైపోమాకి సరిపోతుంది" అని రిపోర్ట్ వస్తుంది, తొడ లోతు గడ్డకి ఆ మాట మీద ఆధారపడకూడదు. తీసిన ముక్కని సెలైన్ సీసాలో, నీళ్లలో వేసి తేవొద్దు, రెండ్రోజుల్లో కుళ్లిపోతుంది. వెడల్పు మూతి డబ్బాలో, ముక్కకి పదింతలు ఫార్మలిన్.

ఎండీఎం2 పెరగలేదని వస్తే, స్లైడుల్లో ఇంకేమీ లేకపోతే, మొదటి రిపోర్టు ఖాయం, నాన్నగారు కండరం లోపలి లైపోమా తీయించుకున్నట్టు. అది కూడా కండరం పోగుల్లోకి దూరి ఉంటే మళ్లీ రావచ్చు, చెయ్యి పెట్టి చూసుకుంటూ ఉండాలి. పెరిగిందని వస్తే రెండోది ఖాయం. అప్పుడు కీమోలు, రేడియేషన్లు అని ఎవరూ పరుగెత్తించకూడదు, సాధారణంగా అవసరం లేదు. అంచుల దగ్గర గడ్డ మిగిలిందా అని రిపోర్టులో చూడాలి, సార్కోమా కేసులు తరచూ చేసే సర్జన్‌కి ఒకసారి చూపించాలి, మొదటి ఐదేళ్లూ ఆరునెలలకో ఏడాదికో పరీక్ష, ఆ తర్వాత కూడా ఏడాదికోసారి. ఇది పదేళ్ల తర్వాత కూడా తిరిగొచ్చిన కేసులున్నాయి కాబట్టి ఐదేళ్లయిందని వదలకండి. అదే చోట గట్టిగా, తొందరగా పెరిగే ముద్ద తగిలితే మాత్రం ఆ వారంలోనే రావాలి.

టెస్ట్ ఫారం నింపేటప్పుడు ఒక్కసారి మీ కళ్లతో చూడండి. 61 ఏళ్లు, మగ, కుడి తొడ, కండరం లోపల, 14 సెంటీమీటర్లు, ఆరేడేళ్లుగా, నొప్పి లేదు. ఇవన్నీ రాసి లేకపోతే మీరే అడిగి రాయించండి. రిపోర్టు వచ్చాక రెండు పాత రిపోర్టులతో కలిపి పెట్టండి, చదివి చెప్తాను.